లెన్స్‌లో ఉన్నది క్యారెక్టరా, బూజా?

కోఠిలో పాత కెమెరాలు బాగుచేసే ఓ పెద్దాయన దగ్గర నేను పరువు పోగొట్టుకున్న కథ ఇది.

మా తాతయ్య జోర్కీ 4 కెమెరా, దాని మీదున్న జూపిటర్ 8 లెన్స్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఫోకస్ రింగు బిగుసుకుపోయింది, గ్రీజు మార్చాలి. "గ్రీజు ఒక్కటే మార్చండి భాయ్, అద్దాలు మాత్రం ముట్టుకోవద్దు. ఈ లెన్స్‌తో తీస్తే ఓ గ్లో వస్తుంది. పాత లెన్స్ క్యారెక్టర్ అది, పోకూడదు" అని చెప్పాను, చాలా తెలిసినవాడిలా.

ఆయన ఏమీ మాట్లాడలేదు. నా ఫోనే అడిగి తీసుకుని, టార్చ్ వేసి, లెన్స్ వెనకనుంచి వెలుగు కొట్టి చూపించాడు. లోపలి అద్దం మీద, చలికాలం పొద్దున్న బస్సు కిటికీ మీద ఊపిరి వదిలితే వస్తుందే, అలాంటి తెల్లటి పొర. ఓ అంచున సాలెగూడు లాంటి సన్నటి దారాలు. పాత గ్రీజులోని నూనె ఆవిరై అద్దాల మీద పేరుకున్నది ఆ పొర. ఆ దారాలు బూజు. నిజం బూజే, ఫంగస్.

"క్యారెక్టర్ కాదు సాబ్, కచ్‌రా" అన్నాడు.

రెండేళ్లుగా నేను ఇన్‌స్టాలో 'సోల్ ఉన్న లెన్స్' అంటూ పెట్టిన ఫొటోలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. సరే, తుడిచెయ్యండి అన్నాను. వారం తర్వాత లెన్స్ తిరిగొచ్చింది. గ్లో పోయింది. నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా వస్తోంది. నిజం చెప్తున్నా, సంతోషం వెయ్యలేదు. మంచి బండిని సర్వీసింగ్‌కి ఇస్తే వేరేవాళ్ల బండి తిరిగొచ్చినట్టు అనిపించింది.

ఇప్పుడు రేంజ్‌ఫైండర్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం కొంచెం ఆగుదాం. మీ ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది కదా. రెండు కెమెరాలున్న ఫోన్లు ఒకే మనిషిని పక్కపక్క నుంచి చూసి, రెండు బొమ్మల మధ్య తేడాని బట్టి ఎవరు దగ్గర, ఏది దూరం అని లెక్క కడతాయి. రేంజ్‌ఫైండర్ చేసేదీ అదే పని, కాకపోతే అక్కడ ప్రాసెసర్ మీ కన్ను. కెమెరా ముందు పక్కన రెండు చిన్న కిటికీలుంటాయి. వెనకనుంచి కన్ను పెట్టి చూస్తే మధ్యలో ఓ వెలుగు మచ్చ కనిపిస్తుంది. అందులో ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరిలా ఉంటాడు. లెన్స్ రింగు తిప్పుతుంటే రెండోవాడు మెల్లగా జరిగొచ్చి మొదటివాడిలో కలిసిపోతాడు. కలిశాడా, ఫోకస్ కుదిరినట్టే. లోపల జరిగేది కూడా సింపుల్: లెన్స్ వెనక భాగం ముందుకీ వెనక్కీ జరుగుతూ కెమెరాలో ఉన్న ఓ మీటని కదుపుతుంది. సెన్సార్ లేదు, బ్యాటరీ లేదు.

ఇందులో ఓ తిరకాసుంది. మీరు లెన్స్‌లోంచి చూడట్లేదు! పక్కనున్న కిటికీలోంచి చూస్తున్నారు. లెన్స్ ఎంత మసగ్గా ఉన్నా, ఎదురు వెలుతురుకి ఎంత తెల్లబోయినా, చివరికి లెన్స్ మీద మూత అలాగే ఉండిపోయినా మీ కంటికి అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు సంగతి ఫిల్మ్ కడిగాకే తెలుస్తుంది. అందుకే ఈ కెమెరాలు వాడేవాళ్లు లెన్స్ స్వభావం గురించి అంతలా మాట్లాడుకుంటారు. ఏ వెలుతురులో అది ఏం చేస్తుందో ముందే తెలిసుండాలి, చుట్టాల్లో కోపిష్టి మావయ్య గురించి తెలిసున్నట్టు.

ఇక మా తాతయ్య సంగతి. ఆయనది తెనాలి. 1960ల చివర్లో బాలానగర్ ఐడీపీఎల్‌లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వచ్చేశాడు. ఆ ఫ్యాక్టరీ సోవియట్ సాయంతో కట్టింది. అక్కడ పనిచేసిన ఓ రష్యన్ ఇంజనీరు తిరిగెళ్లిపోతూ తన జోర్కీని తాతయ్యకి అమ్మేసి వెళ్లాడట. ఎంతకి అమ్మాడో ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతారు.

మా అమ్మమ్మ ఇప్పటికీ చింతల్‌లోనే ఉంటుంది. హాల్లో గోడకి తాతయ్య ఫొటో, పూలదండతో. వరండాలో కుర్చీలో కూర్చుని ఉంటాడు, మొహం మెత్తగా, అంచులు కరిగిపోతున్నట్టు, ఏదో కలలోంచి వచ్చినట్టు ఉంటుంది. చిన్నప్పట్నుంచీ నాకు ఆ ఫొటో అంటే పిచ్చి. జూపిటర్ లెన్స్ మీద మోజు పుట్టిందే దానివల్ల. 'ఆ మెత్తదనం ఈ లెన్స్‌దే' అని నా నమ్మకం. లెన్స్ తుడిపించాక బెంగ పడిందీ అందుకే. తాతయ్య ఫొటోలో ఉన్నదాన్ని నేనే డబ్బులిచ్చి తుడిపించేశానా?

పోయిన నెల అమ్మమ్మకి కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. చుక్కల మందు వెయ్యడానికి వారం రోజులు నేనే అక్కడ ఉండి, ఆఫీసు పని అక్కడి నుంచే చేశాను. మధ్యాహ్నాలు ఖాళీ దొరికితే తాతయ్య ట్రంకు పెట్టె తీశాను. ఓర్వో ఫిల్మ్ డబ్బాలు, తెల్ల అంచులున్న అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న చిన్న ప్రింట్లు. కాలనీలో క్వార్టర్లు, మా అమ్మ నెలల పాపగా దోమతెరలో, సైకిల్ మీద ఎవరో.

అన్నీ బ్లేడులా ఉన్నాయి! దోమతెర గళ్లు లెక్కపెట్టొచ్చు. సైకిల్ చువ్వలు కనిపిస్తున్నాయి. గ్లో లేదు, కల లేదు. 1970లో ఆ లెన్స్ కొత్తది, శుభ్రంగా ఉంది, శుభ్రమైన ఫొటోలే తీసింది. నేను 'పాతకాలపు లుక్' అనుకున్నది ఆ కాలంలో అసలు లేనేలేదు. యాభై ఏళ్ల దుమ్మూ నూనే కలిసి నాకోసం తయారుచేశాయి.

మరి గోడ మీది ఫొటో ఎందుకలా ఉంది? దానికి మళ్లీ వస్తాను.

ఈ లెన్స్ వంశవృక్షం తీస్తే ఆసక్తికరంగా ఉంటుంది. 35 ఎంఎం ఫిల్మ్ వాడే చిన్న కెమెరాగా లైకా 1925లో మార్కెట్లోకి వచ్చింది. 1932లో జైస్ వాళ్లు పోటీగా కాంటాక్స్ దింపారు. జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె అనే డిజైనర్ దానికోసం సోనార్ అనే లెన్స్ తయారుచేశాడు. ఆయన ముందున్న సమస్య ఏంటంటే, అద్దం గాలిని తాకిన ప్రతిచోటా నాలుగైదు శాతం వెలుతురు వెనక్కి తిరిగిపోతుంది. రాత్రి బస్సులో కిటికీ మీద మీ మొహం కనిపించేది ఇందుకే. లెన్స్‌లో అలాంటి చోట్లు పెరిగేకొద్దీ ఆ వెలుతురు లోపల్లోపలే ఎగిరెగిరి పడి ఫొటోని తెల్లబరుస్తుంది. బెర్టెలె ఏం చేశాడంటే, అద్దాల్ని ఒకదానికొకటి అతికించేశాడు. ఎఫ్ 2 సోనార్‌లో ఆరు అద్దాలున్నా మూడే గుంపులు, అంటే గాలి తగిలే చోట్లు ఆరే. అదే సమయంలో, 1933లో లైకా తెచ్చిన సుమ్మార్‌లో అవే ఆరు అద్దాలు నాలుగు గుంపులు, ఎనిమిది చోట్లు. ఆరుకీ ఎనిమిదికీ తేడా ఎంతలే అనుకోకండి. ఒక్కో చోట నాలుగున్నర శాతం చొప్పున పోతే సోనార్‌లో 76 శాతం వెలుతురు మిగులుతుంది, సుమ్మార్‌లో 69. పోయిన వెలుతురు ఊరికే పోదు, పొగమంచులా వచ్చి ఫొటో మీద కూర్చుంటుంది.

అంటే ఆ రోజుల్లో కాంట్రాస్ట్‌లో సోనార్‌ది పైచేయి. తర్వాత 1935లో జైస్‌లోనే పనిచేసే అలెగ్జాండర్ స్మకూలా అద్దం మీద సన్నటి పూత పూసి ఆ ప్రతిబింబాల్ని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. మీ కళ్లజోడు మీద ఆకుపచ్చగానో ఊదాగానో మెరిసే పూత ఉంటుందే, దాని తాత అన్నమాట. విడ్డూరం ఏంటంటే, సొంత కంపెనీ పూతే సోనార్ కొంప ముంచింది. పూత వచ్చాక అద్దాలు అతికించాల్సిన అవసరం తగ్గిపోయింది. గాలి ఖాళీలు ఎక్కువున్న డిజైన్లే అంచులదాకా షార్ప్‌గా చెయ్యడానికి అనుకూలం. 1953లో లైకా సమ్మిక్రాన్ వచ్చింది, ఆ దారి గెలిచింది.

యుద్ధం తర్వాత జర్మనీ నుంచి నష్టపరిహారంగా జైస్ యంత్రాలూ పరికరాలూ సోవియట్ యూనియన్‌కి వెళ్లాయి. సోనార్ అక్కడ జూపిటర్ అయింది. మా తాతయ్య లెన్స్ అదే, మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ సరుకు. జపాన్‌లో నికాన్ కూడా సోనార్ దారిలో నడిచింది. 1950లో లైఫ్ మ్యాగజైన్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉన్నప్పుడు, జున్ మికీ అనే జపాన్ ఫొటోగ్రాఫర్ 85 ఎంఎం నిక్కోర్‌తో ఆయన్ని ఫొటో తీసి ప్రింటు చూపించాడు. డంకన్‌కి మతిపోయింది. ఫ్యాక్టరీకి వెళ్లి తన జర్మన్ లెన్సులతో పోల్చి చూసుకుని, తర్వాత కొరియా యుద్ధాన్ని ఆ నిక్కోర్‌లతోనే తీశాడు, తన లైకాల మీద బిగించి. జపాన్ లెన్స్ అంటే చవక నకలు అనుకునే రోజులవి. ఒక్క ప్రింటు ఆ అభిప్రాయాన్ని కదిలించింది.

సరే, నా పోలిక సంగతి. మా టీమ్‌లో ఓ సీనియర్ అన్న ఉన్నాడు. జర్మనీ ప్రాజెక్ట్‌లో కొన్నేళ్లుండి వచ్చాడు. ఆయన దగ్గర 50 ఎంఎం సమ్మిక్రాన్ ఉంది. 1979లో వచ్చిన డిజైన్, కెనడాలో వాల్టర్ మాండ్లర్ చేసింది. దశాబ్దాల పాటు అద్దాల అమరిక మార్చకుండా అమ్మారు. అన్న దాన్ని అమ్మేద్దామనుకుంటున్నాడు. "నీకైతే తగ్గించి ఇస్తా, రెండు వీకెండ్లు వాడి చూసి చెప్పు" అన్నాడు. తగ్గించిన రేటు కూడా నా బండి ఖరీదు కంటే ఎక్కువే. నా దగ్గర డబ్బుంది, కానీ అది అమ్మమ్మ రెండో కన్ను ఆపరేషన్ తర్వాత నేను వేరే ఇంటికి మారడానికి దాచుకున్నది. కాబట్టి ఇది సరదా టెస్ట్ కాదు.

మూడో లెన్స్ నాదే: 40 ఎంఎం ఎఫ్ 1.4 నోక్టన్ క్లాసిక్. జపాన్‌లో కొసీనా కంపెనీ పాత జర్మన్ పేరు ఫోక్ట్‌లెండర్ పెట్టి 2004 నుంచి చేస్తోంది. దీని కథ తమాషాగా ఉంటుంది. ఒకే అద్దాలతో రెండు రకాలు అమ్మారు. ఒకటి మామూలుగా పలు పొరల పూతతో, ఇంకోటి కావాలనే ఒకే పొర పూతతో, కాస్త తక్కువ కాంట్రాస్ట్ రావాలని. అంటే లోపాన్ని ఆప్షన్‌గా ఇచ్చారు! నేను కొన్నది ఒంటిపూతదే, తెలుసుగా నా టేస్టు.

మూడింటినీ ఒకే మిర్రర్‌లెస్ కెమెరాకి అడాప్టర్‌తో పెట్టాను. జూపిటర్ పాత మరల తరహా, మిగతా రెండూ లైకా ఎం తరహా. వాటికి ఫిల్మ్ దూరం 28.8, 27.8 మిల్లీమీటర్లు. సరిగ్గా ఒక్క మిల్లీమీటరు తేడా. అందుకే మధ్యలో సన్నటి రింగు పెడితే పాత లెన్స్ కొత్త కెమెరా మీద కూర్చుంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరు వదిలిన లైకా ఇంజనీర్లకి దండం పెట్టాలనిపిస్తుంది. మన దగ్గర కంపెనీలు ఛార్జర్ పిన్ను మార్చినంత తేలిగ్గా మార్చెయ్యలేదు వాళ్లు.

చింతల్ ఇంటి డాబా మీద స్టాండు, తులసికోట, వెనక వేపచెట్టు. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపించే వేపచెట్టు కంటే కఠినమైన పరీక్ష లెన్స్‌కి ఇంకోటి లేదు.

ముందుగా ఎఫ్ 5.6 ఫలితం చెప్పేస్తా, త్వరగా అయిపోతుంది. ఫైళ్ల పేర్లు స్క్రిప్ట్ రాసి కలిపేసి, రెండు రోజులాగి చూస్తే ఏది ఏదో నేనే చెప్పలేకపోయాను. మూలలు 200 శాతం పెద్దవి చేస్తే జూపిటర్ దొరికిపోతుంది. అంతే. పగటిపూట, ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య వాడేవాళ్లు లెన్స్ క్యారెక్టర్ గురించి గొడవపడటం టైమ్ వేస్ట్.

తేడా అంతా రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడే. ఎఫ్ 2లో, ఒక మీటరు దూరంలో సమ్మిక్రాన్ తులసి ఆకు మీది నూగుని కూడా వదల్లేదు. మధ్యలోనే కాదు, పక్కలకి జరిగినా అలాగే ఉంది. జూపిటర్ మధ్యలో బాగుంది, నేను అనుకున్నదానికంటే చాలా బాగుంది. అయితే మధ్య దాటి అంచులకి వెళ్లేకొద్దీ పట్టు సడలిపోతుంది. కానీ వెనక వేపచెట్టు చూడండి. జూపిటర్‌లో ఆకులు నీళ్లల్లో రంగు కలిసినట్టు కలిసిపోయాయి. సమ్మిక్రాన్‌లో కొంచెం గరుకు. నోక్టన్‌లోనైతే ప్రతి వెలుగు చుక్కకీ చుట్టూ గీత గీసినట్టు అంచు, చెట్టు మొత్తం వణుకుతున్నట్టుంది. ఎఫ్ 1.4లో దీని దగ్గర నిజమైన గ్లో ఉంది. అద్దం శుభ్రంగా ఉన్నా వచ్చే గ్లో.

ఎందుకొస్తుందంటే, గుండ్రటి వంపున్న అద్దంలో మధ్య నుంచి వెళ్లే కిరణాలూ అంచు నుంచి వెళ్లే కిరణాలూ ఒకేచోట కలవవు. దీన్ని ఎంత సరిదిద్దాలి, ఏ వైపు కొంచెం వదిలెయ్యాలి అన్నది డిజైనర్ నిర్ణయం. ఓ వైపు వదిలితే వెనక మసక మెత్తగా వస్తుంది. మరీ ఎక్కువ సరిదిద్దితే మసక చుక్కలకి గట్టి అంచులొస్తాయి. లెన్స్ క్యారెక్టర్ అనే మాటకి నాకు దొరికిన అర్థం ఇదే: డిజైనర్ తెలిసి వదిలిన తప్పు. తెలియకుండా చేరినది క్యారెక్టర్ కాదు. దానికి కోఠి పెద్దాయన మాటే కరెక్ట్.

ఆ వదిలిన తప్పుకి ఇంకో ఖర్చుంది, రేంజ్‌ఫైండర్ వాడేవాళ్లకి బాగా తగిలేది. రంధ్రం చిన్నది చేస్తే అంచు కిరణాలు ఆగిపోతాయి కదా, అప్పుడు ఫోకస్ కుదిరే చోటు కూడా కొంచెం వెనక్కి జరుగుతుంది. మిర్రర్‌లెస్‌లో స్క్రీన్ మీద చూసి సర్దుకుంటాం. రేంజ్‌ఫైండర్‌లో ఉన్నది ఓ మీట, దానికి మీ ఎఫ్ నంబరు తెలీదు. ఈ రోజుల్లో జైస్ పేరుతో వచ్చిన 50 ఎంఎం ఎఫ్ 1.5 సి సోనార్‌కి ఈ విషయంలో పెద్ద పేరే ఉంది. జైస్ కూడా దాచుకోలేదు, మొదట్లో ఎఫ్ 2.8 దగ్గర ఫోకస్ సరిపోయేలా సర్దే అమ్మారు. సోవియట్ లెన్సులకి ఇంకో చిక్కు. లైకా మీటల లెక్క 51.6 మిల్లీమీటర్ల లెన్స్‌కి కుదిర్చింది. సోవియట్ వాళ్లు కాంటాక్స్ నుంచి తెచ్చుకున్న సోనార్ 52.4. దూరంగా ఉన్నవాటికి ఏం కాదు, దగ్గరకొచ్చి ఎఫ్ 2లో తీస్తే లైకా మీద గురి తప్పుతుంది. ఆన్‌లైన్‌లో 'జూపిటర్ మసక లెన్స్' అని తిట్టేవాళ్లలో కొందరి బాధ బహుశా ఇదే. లెన్స్ తప్పేం లేదు, సంబంధం కుదర్లేదంతే.

మరి సమ్మిక్రాన్‌కి మచ్చే లేదా? ఉంది. సాయంత్రం సూర్యుడు ఫ్రేమ్‌కి కాస్త పైన, బయట ఉండగా అమ్మమ్మని తీశాను. సగం ఫొటో తెల్లటి తెర కప్పుకుంది. చెయ్యి అడ్డం పెట్టి తీస్తే బాగానే వచ్చింది. కానీ రేంజ్‌ఫైండర్‌లో అయితే ఆ తెర నాకు కనిపించేదే కాదు. ఇలాంటివి గ్రాఫుల్లో ఉండవు. ఎంటీఎఫ్ గ్రాఫులని ఉంటాయి, మిల్లీమీటరుకి 10, 20, 40 జతల నల్ల తెల్ల గీతల్ని లెన్స్ ఎంత విడివిడిగా చూపగలదో చెప్పేవి. 10 గీతల వంపు కాంట్రాస్ట్ గురించి, 40 గీతలది సన్నటి వివరాల గురించి చెబుతుంది. ఫోన్ కొనేముందు బెంచ్‌మార్క్ స్కోర్ చూడటం లాంటిది. అబద్ధం చెప్పదు, కానీ ఎండలో పట్టుకుంటే ఫోన్ కాలిపోతుందని కూడా చెప్పదు.

నా తీర్పు అడిగితే, మూడింట్లో మంచి లెన్స్ సమ్మిక్రాన్. పాతదాంట్లో ఆత్మ ఉంటుంది, కొత్తది నిర్జీవం అనేవాళ్ల మాట నేనిక నమ్మను. అయినా కొనలేదు. నేను ఏడాదిలో తీసి దాచుకున్న ఫొటోల వివరాలు మొత్తం తీసి చూస్తే ఎక్కువ భాగం ఎఫ్ 4, 5.6 దగ్గరే ఉన్నాయి. అక్కడ తేడా కనిపెట్టలేనని నాకు నేనే నిరూపించుకున్నా కదా. అన్నకి తిరిగిచ్చేస్తుంటే చెయ్యి కొంచెం ఆగింది, అది వేరే సంగతి. వీధి దీపాల్లో తిరగడానికి నోక్టన్ చాలు. జూపిటర్‌ని మనుషుల కోసం ఉంచుకున్నా. (మీ ఇంట్లో కూడా జోర్కీ ఉంటే ఓ మాట: షట్టర్ లాగకుండా స్పీడు డయల్ తిప్పకండి, లోపల పాడవుతుంది. లెన్స్‌ని తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచకండి, బూజుకి అదే విందు భోజనం.)

ఇక గోడ మీది ఫొటో.

ఎఫ్ 2లో, ఒకటిన్నర మీటర్ల దూరంలో 50 ఎంఎం లెన్స్‌కి ఫోకస్‌లో ఉండే మందం సుమారు 10 సెంటీమీటర్లు. మీటరు దూరంలో అయితే నాలుగున్నరే. ఆ లెక్క స్ప్రెడ్‌షీట్లో వేస్తూ తలెత్తితే ఎదురుగా తాతయ్య. వరండా, సాయంత్రం వెలుతురు, ఆ కాలం ఫిల్మ్... తప్పకుండా ఎఫ్ 2లోనే తీసుంటారు. కుర్చీ ఎక్కి, దండ పక్కకి జరిపి, ఫోన్‌తో జూమ్ చేసి చూశాను. తాతయ్య మొహం మసక. కుర్చీ వెనక, అడుగు దూరంలో తలుపు కర్టెన్. దాని మీద పూల డిజైన్ రేకులతో సహా స్పష్టంగా ఉంది. నేత కూడా కనిపిస్తోంది.

లెన్స్ దాని పని అది చేసింది. ఫోకస్ కర్టెన్ మీద పడింది.

"అమ్మమ్మా, ఈ ఫొటో ఎవరు తీశారు?"

"ఇంకెవరు, నేనే. మీ తాత అందర్నీ తీసేవాడు గానీ ఆయన్ని తీసేవాళ్లేరీ?" అంది. "మధ్యలో చుక్కలో నేను ఇద్దరిగా కనిపిస్తాను, ఒకటయ్యేదాకా తిప్పు, అప్పుడు నొక్కు అన్నాడు. ఎంత తిప్పినా ఇద్దరే కనిపిస్తున్నారు. ఆయనేమో కదలకుండా బిగుసుకుని కూర్చున్నాడు, పొయ్యి మీద పాలున్నాయి. ఎవరో ఒకరు పడతార్లే అని నొక్కేశా."

ఇరవై ఏళ్లుగా నేను 'సోనార్ రెండరింగ్' అనుకుని ఆరాధించింది పొయ్యి మీది పాల తొందర.

"బాగా రాలేదని ఆయనేమీ అన్లేదా?"

"అన్లేదు. పెద్దది చేయించుకొచ్చి పెట్టెలో దాచుకున్నాడు. ఆయన పోయాక నేనే తీసి గోడకి పెట్టించా."

ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పగానే అమ్మమ్మ అన్న మొదటి మాట "గోడలకి ఇన్ని మరకలున్నాయా" అని. తర్వాత ఎడమ కన్ను మూసి కుడికన్ను, కుడిది మూసి ఎడమది, మార్చి మార్చి చూసుకుంటూ "ఈ కంటికి పంచె తెల్లగా ఉంది, ఆ కంటికి గంజి పెట్టినట్టుంది" అంటూ రోజంతా పోల్చుకుంది. నా టెస్టు కంటే పద్ధతిగానే చేసింది. ఆవిడ కంట్లో పెట్టిందీ లెన్సే కదా.

ఆ ఆదివారం జోర్కీలో ఫిల్మ్ వేసి ఆవిడ చేతికిచ్చాను. నేను అదే వరండాలో కూర్చున్నాను, కుర్చీ వేరేది. కర్టెన్ కూడా మారిపోయింది. కుడికంటికి ఆనించుకుని రింగు మెల్లగా తిప్పుతోంది, నోరు కొంచెం తెరుచుకుని, పూసల్లోకి దారం ఎక్కించేటప్పటిలా.

"ఇద్దరున్నారు."

"ఇంకొంచెం తిప్పు."

"ఆగరా, ఒకడు వస్తున్నాడు... ఆఁ, కలిశారు."

టప్‌మంది. నేను కళ్లు మూశానేమో తెలీదు. రోల్లో ఇంకా 9 ఫ్రేములున్నాయి, అవి అయితే గానీ కడగడానికి ఇవ్వలేను.